శిశువులకు గ్రంథాలయమేల?

"శిశువులకు గ్రంథాలయమేల? వారికి చదువ రాదు గదా!" అని మనలో విద్యావంతులు సైతము అడుగుచుండ మేము పలుమారులు వినియున్నాము. అడుగువారు దుష్టులు గారు. తమ బిడ్డల మేలు కోరువారే. అయినను మన విద్యావిధానమునందలి లోపము చాలవరకు ఈ యొక్క ప్రశ్నలోనే యిమిడి యున్నదని మా యభిప్రాయము. బిడ్డకు మాటలు వచ్చువరకు బిడ్డతో మాటలాడకుండు తల్లి యెక్కడనైన గలదా? పుట్టిన దినము మొదలు ఆమె పలుకుచునే యుండును; బిడ్డ వినుచునే యుండును; వినగా వినగా ఒకనాడు పలుకును. మాట విషయమున ఇంత తెలివి గల మనము, చదువు విషయమున మాత్రము "ముందు అక్షరములు రానిండు, పిమ్మట పుస్తక మిత్తము" అనుచున్నాము. అక్షరములు వచ్చునప్పటికి పుస్తకమనిన వెగటు గూడ వచ్చియుండును. అప్పుడు "నేటి బాలురు పుస్తకము ముట్టరు" అని మనమే నిట్టూర్పులు విడుచుచున్నాము.

విశాఖపట్టణమునకు పడమట, సింహాచలము కొండకు చేరువను, గోపాలపట్నమను పేట కలదు. సింహాచలము రైలు స్టేషను ఉన్నది ఇచ్చటనే. రైల్వేలోను, రేవులోను, ఉక్కు కర్మాగారములోను పనిచేయువారి కుటుంబములును, శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల పల్లెల నుండి పొట్ట చేత బట్టుకొని వచ్చినవారి కుటుంబములును ఇచ్చట పెక్కులు కలవు. తాము పడిన కష్టము తమ బిడ్డలు పడగూడదను పట్టుదలతో, వీరు కడుపు కట్టుకొని యైనను బిడ్డలను బడికి పంపుచున్నారు. ఇచ్చటి యొక పాఠశాలకు, మిత్రుని బిడ్డను చేర్చు సందర్భమున, మేము పోయి యుంటిమి. దాని పేరు చెప్ప నక్కరలేదు. ఏలయన అట్టివి రాష్ట్రమంతట నున్నవి. వారు మా చేతికిచ్చిన రంగుల కరపత్రములో ఈతకొలను, కంప్యూటరు గది, గ్రంథాలయము అని వరుసగా అచ్చువేసి యుండెను. గ్రంథాలయమును చూపుడని కోరితిమి. ఒక పొడుగాటి గదిలో అద్దపు తలుపుల బీరువాలు నాలుగు కనబడినవి. లోపల చక్కని బొమ్మల పుస్తకములు. వాని వీపులు చూడగానే, ఇంతవరకు ఒక్కరును విప్పలేదని తెలియుచుండెను. ప్రతి బీరువాకును తాళము.

ఎల్.కె.జి. పిల్లలకు వారమున కొకమారు గ్రంథాలయపు గంట కలదట. అదృష్టవశమున ఆ గంటయే అప్పుడు నడచుచుండెను. ముప్పదిమంది శిశువులు నోటిమీద వ్రేలుంచుకొని వరుసగా కూర్చుండిరి. ఉపాధ్యాయిని ఒక పుస్తకము తీసి, దూరము నుండి అట్ట చూపి, పేరు చెప్పి, మరల లోపల నుంచి తాళము వేసెను. పిమ్మట పిల్లలు తమ నోటుపుస్తకములు తీసి ఇంగ్లీషు అక్షరములు వ్రాయ మొదలిడిరి. అద్దముమీద చిన్న చిన్న వ్రేళ్ల గుర్తులు, ముక్కు ఆనించిన గుర్తులు చాల కనబడినవి. నాలుగేండ్ల గుంటడొకడు బీరువా వైపు చూచుచు, "పులి బయటికి ఎప్పుడొస్తాది మేడమ్?" అని యడిగెను. అద్దము వెనుక నున్న యొక పుస్తకపు అట్టమీద పులిబొమ్మ కలదు. ఆమె నవ్వి, "నువ్వు పెద్దయ్యాక" అనెను. మేము మెల్లగా కారణ మడుగగా, "ఒక్క పుస్తకం పోయినా మా జీతంలోంచి పట్టుకుంటారండి" అని చెప్పెను.

ఆ ఉపాధ్యాయినిని మేము నిందింపము. కొలది జీతముపై ముప్పదిమంది శిశువులను కాచు ఆమెకు తాళపుచెవి యిచ్చి, దానితోపాటు భయమును గూడ ఇచ్చినవారే నిందార్హులు. ఆ కరపత్రము చూచి సంతసించి, లోపల నేమి జరుగుచున్నదో ఒక్కనాడైన అడుగని తలిదండ్రులమైన మనమును ఆ నిందలో పాలివారమే.

చదువ రానివారికి గ్రంథాలయమేల యను ప్రశ్న మన దేశమునకు క్రొత్తది గాదు. దానికి మన పెద్దలు నూరేండ్లకు పూర్వమే సమాధానము చెప్పియున్నారు. 1886 లో ఈ విశాఖపట్టణమునందే మంతెన ఆదినారాయణమూర్తిగారను ఉపాధ్యాయుడు సరస్వతీ నిలయమను గ్రంథాలయమును నెలకొల్పెను. ఆంధ్రదేశమున ప్రజల కొరకు వెలసిన తొలి గ్రంథాలయములలో దానిని చెప్పుదురు. 1914 లో బెజవాడలో చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి అధ్యక్షతను గ్రంథాలయ ప్రతినిధుల సభ జరిగి, ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘ మేర్పడెను. అయ్యంకి వేంకటరమణయ్యగారు దానికి ప్రాణమై నిలచిరి. 1935 లో పాతూరి నాగభూషణముగారు కొల్లూరు ప్రాంతమున కాలువమీద పడవలో పుస్తకములు నడపిరి. అప్పుడు మన పల్లెలలో అక్షరాస్యు లెందరు? వేళ్లమీద లెక్కింపదగినంత మంది. "చదువ రానివారికి పుస్తకములేల?" అని వారును అనుకొని యుండినచో ఆ యుద్యమము పుట్టియే యుండదు. వారు పత్రిక బిగ్గరగా చదివి రైతులకు వినిపించిరి; రాత్రిబడులు పెట్టిరి; పుస్తకము మీద మొదట ప్రేమ పుట్టించి, ఆ ప్రేమచేత అక్షరములు నేర్పించిరి. నాడు నిరక్షరుడైన రైతుకు పనికివచ్చిన మార్గము నేడు నిరక్షరుడైన శిశువునకు ఏల పనికిరాదు?

"ఏల" యను నీ ప్రశ్నయొక్క వంశచరిత్రమును గూడ మనము కొంత తెలిసికొనవలెను. "ఆడుదానికి చదువేల?" అని మన తాతలు అడిగిరి. 1874 లో వీరేశలింగముగారు ధవళేశ్వరమున బాలికా పాఠశాల పెట్టినప్పుడు ఆయనను చుట్టుముట్టిన ప్రశ్న యిదియే. "కూలివానికి చదువేల?" అని మరికొందరు అడిగిరి. ఎవరి చేతికి పుస్తక మీయ నిష్టములేదో వారి పేరు చేర్చి అడుగుటయే ఈ ప్రశ్నయొక్క స్వభావము. నేడు స్త్రీల పేరును, కూలివారి పేరును చేర్చుటకు సిగ్గుపడుచున్నాము. నోరులేని శిశువుల పేరు చేర్చుటకు మాత్రము మనకు సిగ్గు కలుగుటలేదు.

ఇక, గ్రంథాలయమున నాలుగైదేండ్ల బిడ్డ చేయదగిన పని యేమి, నేర్చుకొనునది యేమి యని యడుగువారికి, కన్నులార చూచిన దానినే చెప్పెదము. చాప పరచుకొని ఉపాధ్యాయిని నేలమీద కూర్చుండును. పిల్లలు ఆమె చుట్టును, కొందరు ఆమె మోకాలి నానుకొని, కూర్చుందురు. ఆమె పుస్తకము వారివైపు త్రిప్పి పట్టుకొని, వ్రేలు పంక్తి వెంబడి నడుపుచు చదువును. ఆ వ్రేలి వెంట బిడ్డ కన్ను నడచును. పుస్తకమునకు మొదలు తుది యున్నవనియు, పంక్తి ఎడమనుండి కుడికి పోవుననియు, ఆ నల్లని గీతలే కథ చెప్పుచున్నవనియు, నిన్న చెప్పిన కథ నేడును అవే మాటలలో అందుండుననియు బిడ్డ తనంత తాను కనిపెట్టును. ఈ నాలుగు సంగతులును గ్రహింపని బిడ్డకు అక్షరములు దిద్దించుట, ఇల్లన నేమో చూడనివానిచేత ఇటుకలు మోయించుట వంటిది.

పుట త్రిప్పుటకు ముందు ఆమె ఒక్కక్షణ మాగి, "ఇప్పుడేమవుతుందర్రా?" అని యడుగును. ఒకడు "నక్క పారిపోద్ది" అనును. ఒకతె "కాదు, దాక్కుంటది" అనును. ఊహించుట, ఊహకు కారణము చెప్పుట, ఊహ తప్పినప్పుడు నవ్వుకొనుట అను మూడు విద్యలును ఆ యొక్క ప్రశ్నతో అలవడుచున్నవి. పిమ్మట పుస్తకములు చాపమీద పరచుదురు. ప్రతి బిడ్డయు తనకు నచ్చిన దానిని తానే యెంచుకొనును. పెద్దవారు ఏది పెట్టిన అది తిని, ఏది తొడిగిన అది తొడుగుకొను ఆ ప్రాయమున, "ఇది నాకు కావలెను" అని ఆలోచించి కోరుకొనుటకు దానికంటె మంచి తావు మరియొకటి లేదు. ఒకే పుస్తకమునకు ఇద్దరు చేయి చాపుదురు. ఒకరు వేచియుండుట నేర్చుకొందురు, లేదా ఇద్దరును కలసి చూచుట నేర్చుకొందురు. మాటలు లేని బొమ్మల పుస్తక మిచ్చినచో, చదువ రాని బిడ్డయే కథకుడై, తెలుగువాడైన తెలుగున, ఒడియా యింటి బిడ్డ ఒడియాలో, హిందీ యింటి బిడ్డ హిందీలో కథ చెప్పును. పలుభాషలవారు కలసి యుండు విశాఖ వంటి నగరమున ఈ యుపకారము సామాన్యమైనది గాదు.

చివరకు తన పేరునకు బదులుగా తన గుర్తైన చిలుకబొమ్మయో పడవబొమ్మయో గల చీటీ నుంచి, పుస్తకము ఇంటికి కొనిపోవును. వారము తిరుగగనే తెచ్చి యిచ్చును. నలుగురి సొత్తు తనచేతి కప్పగింపబడినదనియు, దానిని కాచి తిరిగి యీయవలసిన బాధ్యత తనదనియు ఆ బిడ్డ నేర్చుకొనుచున్నాడు. పౌరధర్మమును గూర్చి పదవ తరగతిలో పది పుటలు బట్టీపట్టించుటకంటె ఇది మేలు గాదా?

ఇక ఆక్షేపణలను విచారింతము. మొదటి ఆక్షేపణము, పిల్లలు చింపుదురనుట. నిజమే, చింపుదురు. అన్నము తిన నేర్చుకొను బిడ్డ మెతుకులు నేల రాల్చునని కంచము దాచిపెట్టుచున్నామా? చిరిగిన పుటను జిగురుతో అతికించుటయు ఒక పాఠమే. తాను చింపిన దానిని తానే కూర్చుండి అతికించిన బిడ్డ మరల చింపుటకు సందేహించును. చేతులు పడి నలిగిన పుస్తకము తన జన్మము సార్థకము చేసికొన్నది. అద్దము వెనుక చెక్కుచెదరక నున్న పుస్తకము పుట్టియు పుట్టనిదే. 1931 లో రంగనాథన్ పండితుడు మదరాసునుండి ప్రకటించిన గ్రంథాలయ సూత్రము లైదింటిలో మొట్టమొదటిది, పుస్తకములు దాచుటకు గాక వాడుకకే యున్నవను అర్థము గలది. వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1935 లోనే గ్రంథాలయశాస్త్ర బోధన మొదలిడెను. ఆ విద్యాపీఠమునకు ఇంత చేరువలో నున్న పేటలో మొదటి సూత్రమే తాళమువడి యుండుట విచారకరము.

పుస్తకము పరుల చేతికి పోయిన తిరిగి రాదని మనవా రొక శ్లోకము చెప్పుదురు. ఆ శ్లోకమే ధనమును, స్త్రీని గూడ అదే జాబితాలో చేర్చినదని మరువరాదు. స్త్రీని వస్తువుగా నెంచిన భాగమును మనము త్రోసిపుచ్చితిమి, మంచిదే. మిగిలిన భాగమును మాత్రము బీరువాకు తాళముగా వేసికొని కూర్చుండుట యేల?

రెండవ ఆక్షేపణము, తెలుగు కథలు చదివించినచో ఇంగ్లీషు వెనుకబడుననుట. మేము ఇంగ్లీషునకు శత్రువులము గాము. మన బిడ్డలకు ఆ భాష రావలెననియే కోరుచున్నాము. కాని బిడ్డ యొక్క మొదటి కథ బిడ్డకు తెలిసిన మాటలలో నుండవలెను. చిన్నతనపు చదువు మాతృభాషయందు సాగుటయే మేలని యునెస్కో నిపుణులు 1953 లోనే ప్రకటించిరి. 2020 నాటి జాతీయ విద్యావిధానమును ఆ మార్గమునే పట్టినది. గోపాలపట్నపు బిడ్డకు రైలుకూత తెలియును, రేవులోని ఓడ తెలియును, సింహాచలము కొండమీది పనసపండును, అనాసపండును, సంపెంగపువ్వును తెలియును. వానిని విడిచి, తానెన్నడును చూడని మంచుగడ్డల యింటిబొమ్మతో అక్షరము నేర్పుచు, "మా వానికి గ్రహణశక్తి తక్కువ" అని వాపోవుట న్యాయమా? ఒక భాషలో కథారుచి మరగిన బిడ్డ రెండవ భాషలోను కథ వెదకుకొనును. ఏ భాషలోను రుచి యెరుగని బిడ్డకు రెండు భాషలును చేదే.

మూడవది, చేతిఫోనులో కథలు వినుచున్నారు గదా యనుట. ఫోను కథ చెప్పును, కాని "ఇప్పుడేమవుతుందర్రా?" అని ఆగి, బిడ్డ ముఖము చూడదు. బిడ్డ జవాబు చెప్పువరకు వేచియుండదు. రెండు మొదలు నాలుగేండ్ల బిడ్డలు దినమునకు ఒక గంటకు మించి తెరముందు కూర్చుండరాదనియు, కూర్చుండు వేళలో పెద్దవారితో కలసి పుస్తకము చదువుట, కథ వినుట మేలనియు ప్రపంచ ఆరోగ్యసంస్థ 2019 లో హితవు చెప్పినది. అమెరికా దేశపు శిశువైద్యుల సంఘము 2014 లో, పసితనము నుండియే బిడ్డలకు బిగ్గరగా చదివి వినిపించుడని తలిదండ్రులకు బోధింపవలసినదిగా తన వైద్యులను కోరినది. ఇంగ్లండులోని బర్మింగుహాము నగరమున 1992 లో పసిబిడ్డల తల్లులకు పుస్తకముల సంచి యుచితముగా నిచ్చు పద్ధతి మొదలై దేశమంతట వ్యాపించెను. మన అమ్మమ్మలు చేయుచుండిన పనినే వారు శాస్త్రముగా చేసికొనిరి. మనమో అమ్మమ్మను వృద్ధాశ్రమమునకును, బిడ్డను ఫోనునకును అప్పగించుచున్నాము.

నాలుగవది, చట్టము కోరుటలేదను వాదము. 2009 నాటి విద్యాహక్కు చట్టపు అనుబంధము ప్రతి పాఠశాలకును గ్రంథాలయ ముండవలెనని చెప్పుచు, పత్రికలతోపాటు కథల పుస్తకములను గూడ పేరుపెట్టి పేర్కొన్నది. కాని ఆ హక్కు ఆరేండ్లు నిండిన బిడ్డలకు గాని లేదు. అంతకు చిన్నవారి విషయమున ప్రభుత్వము ఏర్పాటు చేయవచ్చునని మాత్రమే చెప్పి చట్టము తప్పుకొన్నది. మెదడు మిక్కిలి చురుకుగా వికసించు ప్రాయమును ఈ విధముగా దయాధర్మమునకు విడిచిపెట్టితిమి. 1975 నుండి నడచుచున్న అంగన్‌వాడీలలో పప్పు, గ్రుడ్డు ఇచ్చుచున్నందుకు సంతోషమే. ఆ గ్రుడ్డుతోపాటు ఒక పుస్తకము గూడ బిడ్డచేతిలో పడవలెనని మేము కోరుచున్నాము. ఇంట పుస్తకములున్న బిడ్డకు బడిలో లేకున్నను కొంత సాగును. ఇంట ఒక్క పుస్తకమును లేని కూలివాని బిడ్డకు బడియే దిక్కు. కావున తాళము అందరి బిడ్డలకును సమానముగా పడుటలేదు. పేదవాని బిడ్డకే గట్టిగా పడుచున్నది.

తుది ఆక్షేపణము సొమ్ము. దీనికి గుజరాతు దేశపు గిజుభాయి బధేకా 1932 లో ప్రకటించిన "దివాస్వప్న" మను పుస్తకములో చక్కని యుపాయము కలదు. అందలి ఉపాధ్యాయుడు, పిల్లలు పాఠ్యపుస్తకములకై తెచ్చు సొమ్ముతో కథల పుస్తకములు కొని, తరగతికే ఒక గ్రంథాలయ మేర్పరచును. ఆ లెక్కను మన పేటకు వర్తింపజేసి చూతము. తరగతిలో ముప్పదిమంది శిశువులు కలరనుకొందము. బొమ్మల కథలపుస్తకము ఒక్కొక్కటి యేబది రూపాయలనుకొందము. ఒక్కొక్క కుటుంబము ఒక్క పుస్తకము కొని తరగతి కిచ్చినచో, మొత్తము వ్యయము పదునైదువందల రూపాయలు. వారమున కొకటి చొప్పున మార్చుకొనుచు పోయినచో, ముప్పది వారములలో ప్రతి బిడ్డయు ముప్పది పుస్తకములు చూచును. ఏబది రూపాయలకు ముప్పది పుస్తకములు! పుట్టినరోజునాడు తరగతిలో చాక్లెట్లు పంచు సొమ్ము దీనికంటె నెక్కువ. దానికి బదులుగా ఒక పుస్తక మిచ్చు నాచార మేర్పడినచో, మరుసటి యేటికి బీరువాయే చాలదు.

మంచి పుస్తకములు తెలుగున లేవనుట తెలియక యనుమాట. నేషనల్ బుక్ ట్రస్టువారు, ప్రథమ్ బుక్స్‌వారు, మన "మంచి పుస్తకము" వారు పిల్లలకొరకు తక్కువ వెలకు తెలుగు బొమ్మల పుస్తకములు అచ్చువేయుచునే యున్నారు. ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలకు గ్రంథాలయము నిమిత్తము ఏటేట అయిదువేల రూపాయల వరకు నిచ్చు నేర్పాటును సమగ్రశిక్షా పథకము క్రింద 2018 లో చేసిరి. ఇంతేగాక, 1960 నాటి గ్రంథాలయ చట్టము ననుసరించి మనము ఇంటిపన్నుతోపాటు రూపాయికి ఎనిమిది పైసల వంతున గ్రంథాలయపన్ను చెల్లించుచున్నాము. ఆ పన్ను మనదే. పేటలోని శాఖా గ్రంథాలయమున పసివారికొక మూల, ఒక చాప, తాళములేని యొక అర కావలెనని అడుగుట యాచన గాదు. మన సొమ్మునకు లెక్క యడుగుటయే.

కావున తలిదండ్రులకు మా విన్నపము. బిడ్డను చేర్చుటకు పోయినప్పుడు, ఎన్ని పుస్తకములున్నవని అడుగకుడు; గత వారమున ఎన్ని పుస్తకములు ఎల్.కె.జి. పిల్లల యిండ్లకు పోయినవో అడుగుడు. "పరీక్షలో ఎన్ని మార్కులు?" అని బిడ్డను అడుగుటకు మారుగా "ఈ వారము ఏ కథ తెచ్చితివి?" అని యడుగుడు. పాఠశాలాధికారులకు మా విన్నపము ఇంకను చిన్నది. పోయిన పుస్తకమునకు ఉపాధ్యాయిని జీతము కోయుట మానుడు. ఏటికి నూటికి పది పుస్తకములు చిరుగుననియు, పోవుననియు ముందుగానే వ్రాసికొనుడు. సుద్దముక్కలు అరుగునని లెక్క వ్రాసికొనుట లేదా? ఏ తరగతిలో ఒక్కటియు చిరుగలేదో ఆ తరగతి ఉపాధ్యాయినినే సంజాయిషీ యడుగుడు. గ్రంథాలయపు గంటలో పలక, పెన్సిలు, నోటుపుస్తకము గదిలోనికి రానీయకుడు. ఆ గంటకు పరీక్ష పెట్టకుడు.

ఆ గుంటడు అడిగిన ప్రశ్నకు పాఠశాల యిచ్చిన సమాధానము, "నువ్వు పెద్దయ్యాక" అనునది. వాడు పెద్దవా డగును. అందు సందేహము లేదు. అప్పుడు బీరువా తెరచినను, వానికి ఆ పులితో పని యుండదు. పులిని చూడవలెనని వాడు కోరుచున్నది నేడు. తాళపుచెవి మన చేతిలో నున్నదియు నేడే.